మిషన్ల మేస్త్రి ఇంటికి డ్రైనేజీ కనెక్షన్

అయ్యా,

విషయం: నీటి కొళాయి మరియు భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ల రుసుము చెల్లించుటకు సహాయ పథకము క్రింద నేను పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరింపబడినందున, పునఃపరిశీలన కోరుతూ మున్సిపల్ కమిషనర్ గారికి చేసుకొను మనవి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను మార్కెట్ వెనుక సందులో, చివరి నుంచి రెండో ఇంటిలో నివాసముంటున్నాను. ఇల్లు మా ఆయన పేరున ఉండి, ప్రస్తుతము నా పేరునకు మారియున్నది. ఇంటి పన్ను బకాయి లేదు. షర్టులు కుట్టే దుకాణంలో కాజాలు తీయుట, గుండీలు కుట్టుట నా జీవనాధారము. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఊళ్ళో దర్జీలందరూ ఆయన్ని మిషన్ల మేస్త్రి అని పిలిచేవారు. మాకు బడికి వెళ్ళే వయసు కూతురు ఒకతె.

అర్జీ రాయడం నాకు అలవాటు లేదు. మా దుకాణం ఎదురుగా కాగితాలు టైపు చేసే పెద్దాయన, "అంశాలవారీగా రాయమ్మా. ఏడవకుండా రాయి. ఆఫీసుల్లో ఏడుపు ఎవరూ చదవరు" అని చెప్పారు. అందుచేత అంశాలవారీగానే రాస్తున్నాను. ఏడవకుండా రాయమన్న రెండో సంగతిలో తప్పు జరిగితే క్షమించవలసినదిగా ముందే కోరుచున్నాను.

1. తమరు వేయించిన పైపుల మీద నాకు ఎట్టి ఫిర్యాదునూ లేదు. ఈ కనెక్షన్ల మీద తమకు చాలా అర్జీలు వచ్చి ఉంటాయి. ఎవరడిగారు, ఎవరికి కావాలి, మా ట్యాంకులు మాకు బాగానే ఉన్నాయి అని రాసి ఉంటారు. నాది ఆ కోవలోది కాదు. మా సందులో కందకం తవ్విన నాడు అందరూ దుమ్మని తలుపులు వేసుకుంటే, నేను బిందెతో నీళ్ళు పట్టుకెళ్ళి తవ్వే వాళ్ళకిచ్చాను. పైపులు దించుతుంటే దుకాణానికి ఆలస్యమైనా నిలబడి చూశాను. ఈ పైపు రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఈ అర్జీ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. ఉన్నా మా ఆయనే రాసేవారు. ఆయన చేతిరాత నాకన్నా బావుంటుంది.

2. తమ కార్యాలయము నుండి వచ్చిన నోటీసు ప్రకారము ప్రతి ఇంటి యజమాని నీటి కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్ రెండునూ తప్పనిసరిగా తీసుకొనవలెను. గడువు లోపల తీసుకొననిచో జరిమానా. సందులో మళ్ళీ రోడ్డు వేసిన తర్వాత తీసుకొనినచో రోడ్డు తవ్వినందుకు అదనపు రుసుము. అంతా కలిపి చూస్తే, నేను తిండీ బట్టా మానేసి కాజాలు తీస్తే ఏడాదిన్నర పని అవుతుంది. కాజా అంటే తమకు తెలుసు కదా, గుండీ దూరే కన్నం. ఒక్కో దానికి ఎంత ఇస్తారో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇప్పుడు మా గుమ్మం ముందు కందకం తెరిచే ఉంది. పలక వేసుకుని దాటుతున్నాం. గుమ్మంలో నిలబడి చూస్తే మా ఇంటి కోసం వదిలిన పైపు ముక్క కనిపిస్తుంది. దాని కొనకి నీలం రంగు మూత బిగించి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఇంత దూరం నుంచి ఇంత దగ్గరికి వచ్చిన పైపు ఆఖరి రెండు గజాలు రావడానికి డబ్బు అడ్డం పడింది.

3. కట్టలేని యజమానులకు చేయూతగా సహాయ పథకము కలదని నోటీసు వెనుక వైపు ముద్రించియున్నారు. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. తిరస్కరించారు. కారణం అడగడానికి సహాయ విభాగం కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడి గుమస్తాగారు మర్యాదస్తులే. నన్ను కూర్చోమన్నారు.

"అమ్మా, మీ ఆదాయం పథకం పరిమితి దాటింది" అన్నారు.

"కాజాలకా బాబూ?"

"కాజాలకి కాదమ్మా. ఇదిగో, ఈ ఏడాది మీకు ఒక పెద్ద మొత్తం జమ అయింది."

"అది మా ఆయన పోయినందుకు మీ ఆఫీసు ఇచ్చింది."

"ఎవరిచ్చినా జమ జమే కదమ్మా. ఆదాయం కిందకి వస్తుంది."

 "పోనీ, ఆ డబ్బు తీసి కట్టేస్తాను, తీయనిస్తారా?" అని అడిగాను. పాప మేజరయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదని షరతు పెట్టి బ్యాంకులో వేసింది కూడా తమ కార్యాలయమే. ఆ కాగితం వెంట తీసుకెళ్ళాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"తీయడానికి లేదమ్మా. ఇందులో స్పష్టంగా ఉంది."

"తీయడానికి లేని డబ్బు నా ఆదాయం ఎలా అయింది బాబూ?"

"రెండూ మా ఆఫీసువే. కాని సెక్షన్లు వేరు" అన్నారాయన. అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. గొంతు తగ్గించి, "కమిషనర్ గారికి అర్జీ పెట్టుకోండి. నేను చెప్పానని మాత్రం రాయకండి" అన్నారు. వారి పేరు నాకు తెలియదు కనుక రాయడం లేదు. వారి మీద ఇది ఫిర్యాదు కాదని మనవి.

4. సదరు మొత్తము ఏ కారణమున ఇవ్వబడినదో తమ దృష్టికి తెచ్చుట అవసరమని భావించుచున్నాను. ఫైలులో ఉంటుంది, కాని ఫైలులో ఉన్నది పూర్తిగా నిజం కాదు.

మా ఇంటికీ పక్కింటికీ కలిపి పెరట్లో ఒకటే సెప్టిక్ ట్యాంకు. ఒకప్పుడు రెండూ ఒకే ఇల్లు. ఆ రోజు ఉదయం మా ఆయన ముందు గదిలో కూర్చుని ఒక పాత మిషను తల విప్పుతున్నారు. వెనక ట్యాంకు నిండిపోతే శుభ్రం చేసే మనిషి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సందులో అతన్ని బక్కోడు అంటారు. మనిషి అంత సన్నం. ట్యాంకు నోరు ఇరుకు కాబట్టి ఆ పనికి సన్నవాళ్ళనే పిలుస్తారు. పైనున్నదంతా బకెట్లతో తోడేసి, అడుగున గట్టిపడింది తియ్యడానికి అతను లోపలికి దిగాడు. కాసేపటికి అతని భార్య వచ్చి మా గుమ్మంలో నిలబడి, "పలకట్లేదు" అంది. గట్టిగా కూడా అనలేదు.

మా ఆయన లేచి వెళ్ళారు. పక్కింటి టీచరమ్మ గోడ అవతల నుంచి, "దిగకు నాయనా, ఫైరింజన్ని పిలుద్దాం" అన్నారు. "పిలవండి టీచరమ్మా. వాళ్ళు వచ్చేలోపు నేను తాడు కడతాను" అన్నారీయన. చొక్కా తీసి నాకిచ్చారు. తాడు రెండో కొస నా చేతిలో పెట్టి, "వదలకు" అన్నారు.

దిగారు. తాడు కదిలింది. నేను, బక్కోడి భార్య, టీచరమ్మ, ముగ్గురం లాగాం. బక్కోడు పైకి వచ్చాడు. కళ్ళు తేలేసి ఉన్నాడు, కాని ఊపిరి ఉంది. తాడు విప్పి మళ్ళీ లోపలికి వేశాం. పిలిచాం. ఒకసారి ఆయన దగ్గు వినిపించింది. తర్వాత వినిపించలేదు. తాడు పట్టుకున్నారేమో అని లాగాం. తేలిగ్గా వచ్చేసింది. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

ఫైలులో "మృతుడు తగు అనుమతి లేకుండా, స్వంత నిర్లక్ష్యముతో ట్యాంకులోనికి దిగెను" అని ఉన్నది. మొదటి మాట నిజమే. ఆయన అనుమతి అడగలేదు. ఎవర్ని అడగాలో ఈనాటికీ నాకు తెలియదు. రెండో మాట గురించి ఒక్కటి చెప్పుకుంటాను. ఆయన మిషను తల విప్పితే ఒక్కో స్క్రూని విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చుకునేవారు. ఆ రోజు విప్పిన మిషను పది రోజులు మా గదిలో అలాగే ఉండిపోయింది. తర్వాత ఇంకో మేస్త్రి వచ్చి, గుడ్డ మీద వరస చూసుకుంటూ, నన్ను ఒక్క మాట అడక్కుండా మొత్తం బిగించేశాడు. వెళ్తూ వెళ్తూ, "ఆయన చెప్తున్నట్టే ఉందమ్మా" అన్నాడు. అలాంటి మనిషిది నిర్లక్ష్యం కాదని మనవి.

5. ట్యాంకును యంత్రము ద్వారా ఖాళీ చేయించుకొనవలెనే గాని మనుషులను దింపరాదని తమ కార్యాలయము వారి హెచ్చరిక బోర్డు మా సందు మొదట్లోనే ఉన్నది. ఆ బోర్డు దగ్గరే మురుగు లాగే బండి ఆగిపోతుంది. మలుపు తిరగదు. దాని గొట్టం మా ఇంటికి మూడిళ్ళ ముందే అయిపోతుంది. ఇంకో గొట్టం కలపమని అడిగితే, "టెండర్లో ఇంతే ఉందమ్మా" అన్నారు బండి వాళ్ళు. వాళ్ళనీ తప్పు పట్టలేను. గొట్టం సాగదు కదా.

అందుచేత మా సందు చివరి ఇళ్ళ వాళ్ళు మనుషుల్నే పిలుస్తారు. బోర్డు కింద నుంచే వాళ్ళు నడిచి వస్తారు.

ఇందులోనే మా పాప సంగతి కూడా రాస్తున్నాను. ఆ రోజు దాన్ని బడి నుంచి ముందుగా తీసుకొచ్చారు. అప్పటి నుంచి అది పెరట్లోకి వెళ్ళదు. బాత్రూం పెరట్లోనే ఉంది. బడిలో వెళ్ళి వస్తుంది. రాత్రి తప్పనిసరైతే నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, ట్యాంకు వైపు నేను నిలబడాలి. పోయిన చలికాలం కడుపులో నొప్పి, జ్వరం. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. "నీళ్ళు తక్కువ తాగుతున్నావు. బాగా తాగాలి, సరేనా?" అని అడిగితే బుద్ధిగా తలూపింది. ఇంటికొస్తూ దారిలో నాతో అంది: "అమ్మా, నీళ్ళు తాగితే వెనక్కి వెళ్ళాలి కదా. అందుకే బడి అయిపోయాక తాగను." ఎన్నాళ్ళ నుంచి తాగడం లేదో నేను అడగలేదు.

6. పక్కింటి టీచరమ్మగారి గురించి విడిగా మనవి చేసుకొనుట అవసరమైయున్నది. ఎందుకనగా నా ఒక్క ఇంటికి కనెక్షన్ ఇచ్చినను, ట్యాంకు ఉమ్మడి కాబట్టి వారిది కూడా కలిస్తేనే మూస్తారు.

టీచరమ్మ పెళ్ళి చేసుకోలేదు. రెండో తరగతికి చెప్పేవారు. మా సందులో సగం మందికి, మా ఆయనతో సహా, ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. పెన్షన్ వస్తుంది. ఆ పెన్షన్ పథకం పరిమితికి కాస్త ఎక్కువ, మందుల ఖర్చుకి కాస్త తక్కువ. వారి దరఖాస్తు కూడా తిరస్కరించారు.

పోయిన నెలలో ట్యాంకు మళ్ళీ పొంగింది. టీచరమ్మ బాత్రూంలోకి మురుగు ఎదురు తన్నింది. నేను దుకాణంలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికని ఇంటికి వస్తే పెరటి తలుపు తీసి ఉంది. ట్యాంకు మూత సగం జరిపి ఉంది. పక్కన తాడు. బక్కోడు చొక్కా విప్పి గోడ మీద వేస్తున్నాడు. అతని భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

మా ఆయన పోయిన నాటి తర్వాత బక్కోడు చాలా కాలం ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సైకిల్ స్టాండులో చీటీలు ఇస్తున్నాడు. ట్యాంకుల పని మానేశాడు.

"ఏం తమ్ముడూ, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఏం లేదక్కా. టీచరమ్మ కబురు పెట్టింది. పైపైన తోడేసి పోతాను."

"పైపైన తోడ్డానికి తాడెందుకు?"

 నేల చూశాడు. "ఈ ఊపిరి అన్న ఇచ్చింది. ఆయనింటి ట్యాంకులో ఎవడో దిగుతుంటే నేను చీటీలు చింపుకుంటూ కూర్చోనా? నువ్వు లోపలికి వెళ్ళక్కా. ఒక్క గంట" అన్నాడు.

"ఆయన నిన్ను పైకి పంపింది మళ్ళీ దిగడానికి కాదు" అని, మూత తోసి మూసేసి, దాని మీద కూర్చున్నాను.

ముందే అనుకుని చేసిన పని కాదు. కాళ్ళు అక్కడికి తీసుకెళ్ళాయి, కూర్చున్నాను. రెండేళ్ళుగా నేను ఆ మూత మీద కాలు కూడా పెట్టలేదు. ఎండకి సిమెంటు కాలిపోతోంది.

టీచరమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చారు. "లేవవే. నీకేం, వయసులో ఉన్నదానివి, మార్కెట్ దాకా నడుస్తావు. ఈ మోకాళ్ళతో నేనెక్కడికి పోను? ఆ కంపులో ఎన్నాళ్ళు పడుకోను?" అన్నారు.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

"పోనీ ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"తెలియదు టీచరమ్మా. దిగడం మాత్రం లేదు."

"నీ ఒక్కదానికే బాధ ఉన్నట్టు మాట్లాడకు. నీ మొగుడికి పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది నేను. ఆ రోజు తాడు నేనూ లాగాను" అన్నారు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

బక్కోడు అలాగే నిలబడ్డాడు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని అతని భార్య ముందుకొచ్చి, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. గోడ మీద చొక్కా తీసి మొగుడి చేతిలో పెట్టింది. "పద" అంది. అతను బయల్దేరాడు. పెరటి గుమ్మం దాటుతూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"నేను వద్దన్నా వినలేదక్కా. నువ్వు ఇంటికొచ్చే వేళ చూసుకుని, దార్లో మెల్లగా నడిపించుకొచ్చాను" అంది.

వాళ్ళు వెళ్ళాక కూడా నేను లేవలేదు. అక్కడే కూర్చుండిపోయాను. అన్నం తినలేదు, దుకాణానికి వెళ్ళలేదు. పొద్దు వాలాక టీచరమ్మ ఒక చేత్తో ప్లాస్టిక్ స్టూలు, ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, గోడ పొడవునా ఆనుకుంటూ వచ్చారు. స్టూలు నా పక్కన వేసుకుని కూర్చున్నారు. గ్లాసు నా చేతిలో పెట్టారు.

"మార్కెట్లో మరుగుదొడ్డి పొద్దున్నే ఎప్పుడు తీస్తారే?" అని అడిగారు.

7. నాటి నుండి నేటి వరకు మా రెండిళ్ళ వారమును మార్కెట్ మరుగుదొడ్డినే వాడుకొనుచున్నాము. తెల్లారకముందే బయల్దేరుతాం. టీచరమ్మకి ఒక పక్క నేను, ఒక పక్క పాప. కందకం మీది పలక దాటించడమే పెద్ద పని. మూసి ఉన్న దుకాణాల అరుగుల మీద కూర్చుంటూ, లేస్తూ వెళ్తాం. అక్కడ డబ్బులు తీసుకునే అతను కూడా టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. వరసలో వాళ్ళు గొణిగితే, "రెండో తరగతిలో ఈవిడ నా చెవి మెలేసింది. అయినా ముందు పంపిస్తున్నాను. మీకేంటి?" అంటాడు. టీచరమ్మ, "సరిగ్గా మెలేసి ఉంటే ఇక్కడ ఉండేవాడివి కాదు" అంటారు. వరసలో అందరూ నవ్వుతారు. పాప కూడా నవ్వుతుంది. పాప ఇప్పుడు నీళ్ళు తాగుతోంది. ఇది తమరికి అవసరం లేని సంగతి, అయినా రాశాను.

కాని మొన్న వానకి పలక జారి టీచరమ్మ పడ్డారు. మణికట్టు వాచింది. ఎముక విరగలేదు. ఈసారి విరగలేదు, అంతే. వానలు ముందున్నాయి.

ఇది ఇలా ఉండగా, ట్యాంకు పొంగుచున్నను శుభ్రము చేయించనందుకు జరిమానా ఎందుకు విధించరాదో తెలుపవలెనని పారిశుధ్య విభాగము నుండి మా ఇద్దరికీ తాఖీదు వచ్చినది. ఇప్పుడు నా దగ్గర, బ్యాంకు షరతు కాగితం కాక, తమ కార్యాలయం కాగితాలు నాలుగున్నాయి. మనిషిని దింపితే నేరమని, బోర్డు మీది మాటే అచ్చువేసి ఇంటింటికీ పంచినది ఒకటి. శుభ్రం చేయించకపోతే జరిమానా అని ఒకటి. కనెక్షన్ తీసుకోకపోతే జరిమానా అని ఒకటి. నేను కట్టలేని మనిషిని కానని ఒకటి. నాలుగింటి మీదా ఒకటే ముద్ర. నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాను. వీటి మధ్యలో నిలబడటానికి ఎక్కడైనా చోటుందేమో తమరే చూపించాలి.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

మా ఆయన మరణమునకు ఇచ్చిన మొత్తమును నా ఆదాయముగా లెక్కింపరాదని సహాయ విభాగమునకు ఆదేశము ఇప్పించవలెను. అది ఆదాయం కాదు. ఆయన ఉంటే వచ్చేది ఆదాయం.

పూర్తి మాఫీ వీలు కానిచో, రుసుమును నీటి బిల్లుతో కలిపి నెలనెలా కొంత చొప్పున కట్టుకొను వెసులుబాటు కల్పించవలెను. ఎన్నేళ్ళయినా కడతాను. నా చేతికి సూది పట్టే ఓపిక ఉన్నన్నాళ్ళూ కడతాను. ఇదే వెసులుబాటు టీచరమ్మగారికి, మా సందులో కట్టలేక నోటీసులు దాచుకుని కూర్చున్న మిగతా ఇళ్ళవారికి కూడా ఇప్పించవలెను. వాళ్ళు అర్జీ పెట్టరు. పరువు పోతుందనుకుంటారు. కట్టలేని ప్రతి ఇంటి వెనకా ఒక ట్యాంకు ఉంది. అది నిండిన ప్రతిసారీ ఎవరో ఒకరు, అన్నం కోసమో అప్పు కోసమో, అందులోకి దిగుతారు. డబ్బు లేక ఆగిపోయింది మా కనెక్షన్ ఒక్కటే అని తమరు అనుకోవద్దు.

సందులో రోడ్డు వేయుటను మా కనెక్షన్లు కలుపునంత వరకు ఆపవలెను. ఈలోగా బండికి ఇంకొక గొట్టము కలుపునట్లు చూడవలెను. టెండరు సంగతి తమరికి తెలియాలి.

ఫైలులోని "నిర్లక్ష్యము" అను పదమును తొలగించవలెను. దాని బదులు ఏం రాయాలో నేను చెప్పను. తీసేస్తే చాలు. పాప పెద్దయ్యాక బ్యాంకు వాళ్ళు డబ్బుతోపాటు ఆ మాట ఉన్న కాగితం దాని చేతికిస్తారు, అది చదువుతుంది.

రాసింది ఎక్కువైన చోట్ల దాటిపోయి, అడిగిన చోట్ల మాత్రం కాసేపు ఆగి, దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మిషన్ల మేస్త్రి భార్య,
కాజాల పని,
మార్కెట్ వెనుక సందు.

తా.క.: ఈ అర్జీలో అక్షర దోషాలు దిద్దింది టీచరమ్మగారు. ఆరో అంశం మాత్రం చూపించకూడదనుకున్నాను, కాని ఆవిడ కాగితాలన్నీ లాక్కుని చదివారు. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టేయమంటారా అని అడిగితే, "ఉండనీ. ఒత్తులు సరిచేశాను" అన్నారు.

ఇంకొకటి, ఇది అంశాల్లో రాయడానికి కుదరలేదు. కనెక్షన్ కలిపాక పాత ట్యాంకును ఇసుకతో పూడ్చేస్తారని నోటీసు చివర ఉంది. పూడ్చే మనుషుల్ని పంపే ముందు నాకు ఒక రోజు ముందుగా కబురు చెయ్యండి. అడ్డం పడటానికి కాదు. ఆయన్ని బయటికి తీసినప్పుడు నన్ను గదిలో పెట్టి తలుపేశారు. నా మంచికే చేశారు. కాని నాకు ఆయన చొక్కా చేతికిచ్చి లోపలికి దిగడమే కళ్ళలో ఉంది, పైకి రావడం లేదు. ఆ రోజు దుకాణానికి సెలవు పెడతాను. బక్కోడికి, అతని భార్యకి కూడా చెప్తాను. మొదటి పార ఇసుక నేను వేస్తాను. తర్వాత మీ మనుషులు వాళ్ళ పని చేసుకోవచ్చు.

దీనికి వేరే రుసుము ఏమైనా ఉంటే చెప్పండి. దానికి మాత్రం రాయితీ అడగను.